సైరన్ ఉంది, సరంజామా ఏదీ?

2025 జనవరి 17న హైదరాబాద్ మెట్రో రైల్లో ఒక గుండె ప్రయాణించింది. ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి. 13 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, 13 నిమిషాలు. టీవీల్లో బ్రేకింగులు, పత్రికల్లో ఫొటోలు. 2021 ఫిబ్రవరిలోనూ ఒక గుండె నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కి ఇలాగే మెట్రోలో వెళ్లింది. రైలు నడిపినవాళ్లకు, పెట్టె పట్టుకుని ఉరికినవాళ్లకు, ట్రాఫిక్ ఆపిన కానిస్టేబుళ్లకు చేతులెత్తి దండం. ఈ దేశంలో పరిగెత్తేవాడి తప్పు ఎప్పుడూ ఉండదు. పరిగెత్తే గతి పట్టించినవాడిదే తప్పు.

పరుగు అందరం చూశాం. పెట్టె ఎవరైనా చూశారా?

మామూలుగా మన దగ్గర జరిగేది ఇది. దాత శరీరంలోంచి తీసిన అవయవాన్ని చల్లటి ద్రావణంతో కడుగుతారు. ఒకదానిలో ఒకటిగా సంచుల్లో పెడతారు. ఐసు నింపిన పెట్టెలో సర్దుతారు. నాలుగు డిగ్రీల చలి. అయిపోయింది మన టెక్నాలజీ! విశాఖ హార్బర్ నుంచి వంజరం చేప హైదరాబాద్ చేరడానికి ఏ సూత్రమో, మనిషి గుండె చేరడానికీ అదే సూత్రం. చేపకు ఒక్క సౌకర్యం ఎక్కువ. వచ్చాక అది మళ్లీ ఈదక్కర్లేదు. గుండె మాత్రం పెట్టెలోంచి తీసి కుట్టగానే కొట్టుకోవాలి.

ఐసు చేసేదల్లా చావును కాస్త వాయిదా వేయడమే. ఆ చలికి కణాల పని దాదాపు పదో వంతుకు తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. రక్తం రాదు, ఆక్సిజన్ అందదు. అవయవం లోలోపల కునారిల్లుతూనే ఉంటుంది. గుండెకు నాలుగు గంటలు, మహా అయితే ఆరు. ఊపిరితిత్తులకు ఆరు నుంచి ఎనిమిది. కాలేయానికి ఎనిమిది నుంచి పన్నెండు. కిడ్నీకి ఒక రోజు, లేకుంటే రోజున్నర. గడువు దాటితే దానం చేసిన అవయవం చెత్తబుట్ట పాలు. అందుకే సైరన్. అందుకే ట్రాఫిక్ ఆపి దారి వదిలే గ్రీన్ ఛానెల్. అందుకే అర్ధరాత్రి ఆపరేషన్లు. ఆ గుండె ఎవరికి అమరాలో డాక్టరు ఒక్కడే తేల్చలేడు. ఎయిర్‌పోర్టు ఎంత దూరమో, ఫ్లైట్ ఎన్నింటికో కూడా కలిసి తేలుస్తాయి.

మరి ఆ గడువునే పొడిగించే యంత్రం ఉంటే? ఉంది మహాప్రభో! నిన్నా మొన్నా పుట్టింది కాదు. దాని మూలపురుషుడు మీ తాతగారి ఈడువాడు.

1927లో అట్లాంటిక్ మీదుగా ఒంటరిగా విమానం నడిపిన చార్లెస్ లిండ్‌బర్గ్, నోబెల్ గ్రహీత డాక్టర్ అలెక్సిస్ కారెల్ కలిసి 1935లో ఒక గాజు పంపును లోకానికి చూపించారు. శరీరం బయట అవయవంలోకి పోషకద్రవం పంపి దాన్ని సజీవంగా ఉంచే పంపు అది. 1960ల చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ బెల్జర్ ఒక మనిషి కిడ్నీని యంత్రం మీద 17 గంటలు నిలిపి, రోగికి అమర్చారు. 1980ల్లో అదే బెల్జర్ విస్కాన్సిన్‌లో సహచరుడు సదర్డ్‌తో కలిసి మేలైన నిల్వ ద్రావణం తయారుచేశారు. దాంతో ఐసు పెట్టె చవగ్గా, తేలిగ్గా పని కానిచ్చేసింది. ప్రపంచం కొన్నాళ్లు యంత్రాన్ని మూలన పెట్టింది. వాళ్లు వాడి చూసి పక్కన పెట్టారు, అవసరం పడగానే దుమ్ము దులిపి బయటికి తీశారు. మనం? మూలన పెట్టాలన్నా ముందు కొనాలి కదా!

వాళ్లు ఏం చేశారో వినండి. 2009లో యూరప్ డాక్టర్లు 336 మంది దాతల కిడ్నీల మీద పరీక్ష పెట్టారు. ఒక్కో దాతవి రెండు కిడ్నీలు. ఒకటి ఐసులో, రెండోది పంపు మీద. కొత్త కిడ్నీ వెంటనే అందుకోక రోగిని మళ్లీ డయాలసిస్‌కి ఎక్కించాల్సిన దుస్థితి ఐసు వర్గంలో 26.5 శాతం, పంపు వర్గంలో 20.8 శాతం. 2013లో లండన్‌లో కాలేయాన్ని శరీర ఉష్ణోగ్రత దగ్గరే రక్తంతో నడిపే యంత్రం మొదటి రోగికి పనికొచ్చింది. 2014లో సిడ్నీ డాక్టర్లు దాత ఛాతీలో ఆగిపోయిన గుండెను యంత్రం మీద మళ్లీ కొట్టించి, మరొకరి ఛాతీలో అమర్చారు. 2018లో 220 కాలేయ మార్పిడుల పరీక్ష ఫలితాలు వచ్చాయి. యంత్రం మీద పెట్టిన కాలేయాలకు దెబ్బ సగానికి తగ్గింది. పనికిరావని పారేసినవీ సగానికి తగ్గాయి. నిల్వ ఉంచిన సమయం సగానికి పైగా పెరిగినా ఇదీ ఫలితం! 2021లో జ్యూరిక్‌లో ఒక కాలేయాన్ని మూడు రోజులు యంత్రం మీద ఉంచి అమర్చారు. మూడు రోజులు! ఇక్కడ అదే కాలేయానికి పన్నెండు గంటలు దాటితే దండం పెట్టేయాలి.

యంత్రంలో మాయలేమీ లేవు. పంపు, ఆక్సిజన్ కలిపే పరికరం, వేడిని గానీ చలిని గానీ అదుపులో ఉంచే ఏర్పాటు. కిడ్నీనైతే చల్లగా నడుపుతారు. కాలేయానికి 37 డిగ్రీల దగ్గర రక్తమూ పోషకాలూ ఎక్కిస్తే అది తన పని తాను చేసుకుంటూ పోతుంది. పైత్యరసం ఊరిస్తుంది, పేరుకున్న లాక్టేట్‌ను కరిగిస్తుంది. డాక్టరు పక్కన నిలబడి అది పనికొస్తుందో లేదో కళ్లారా చూసుకోవచ్చు. ఐసు పెట్టెలోని కాలేయం ఏం చెబుతుంది? ఏమీ చెప్పదు. అమర్చాకే తెలుస్తుంది, అదీ రోగికి తెలుస్తుంది. కొవ్వు పట్టిన కాలేయాలు, వయసు మళ్లిన దాతలు, గుండె ఆగాక తీసిన అవయవాలు... ఐసులో ఉంటే డాక్టరు భయపడి వద్దనే ఇలాంటి వాటికే యంత్రం అక్కరకొస్తుంది. బిర్యానీలకూ బీరుకూ మనం పెంచిపోషించిన ఫ్యాటీ లివర్ల రాజ్యంలో ఈ యంత్రం అవసరం ఎవరికి ఎక్కువంటారు? స్విస్ వాళ్లకా, మనకా?

ఏలినవారికి ఇదంతా తెలియదా? భేషుగ్గా తెలుసు. 2021లో సికింద్రాబాద్‌లో కిమ్స్ ఆసుపత్రి ఊపిరితిత్తులను శరీరం బయట ఊపిరాడేలా ఉంచి, బాగుచేసి మార్పిడి చేశామని ప్రకటించింది. మన ఊళ్లోనే, మన డాక్టర్లే. అంటే నైపుణ్యం ఉంది, తెలివి ఉంది, యంత్రం ముట్టుకున్న చేతులూ ఉన్నాయి. మరి గాంధీలో? ఉస్మానియాలో? విశాఖ కేజీహెచ్‌లో? ఒక పేదవాడికి అమర్చాల్సిన కిడ్నీ రాత్రంతా పంపు మీద భద్రంగా ఉండే గది ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉందో చూపించండి. ఉంటే మహదానందం, అడ్రసు ఇవ్వండి. పూలదండ తెస్తాం.

ఇక్కడ వస్తుంది పాత పాట. ఖర్చండీ, చాలా ఖర్చు!

ఔను, ఖర్చే. విదేశాల్లో కాలేయానికో గుండెకో ఒక్కసారి వాడి పారేసే సామగ్రే పదుల వేల డాలర్లు పలుకుతోంది. ఎందుకంత? ఎవరూ అడగరు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం అవయవాన్ని అమ్మకూడదు, కొనకూడదు. కన్నకొడుకు కాలేయాన్ని కన్నీళ్లతో ఉచితంగా ఇచ్చేసే తల్లికి టీ ఖర్చులు కూడా ఇవ్వం. అదే కాలేయం కూర్చునే పెట్టె మాత్రం బంగారు కొండ. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన కాలేయ యంత్రం కంపెనీని జపాన్ కంపెనీ టెరుమో సుమారు 150 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2025లో ప్రకటించింది. గుండె యంత్రం అమ్మే అమెరికా కంపెనీ ఏకంగా విమానాలే కొనుక్కుంది. దానం చేసేవాడు దేవుడు, పెట్టె అమ్మేవాడు కుబేరుడు. మధ్యలో రోగి? ఇంటి పత్రాలు పట్టుకుని బ్యాంకు గుమ్మంలో.

అయినా ఒక్క మాట. అన్ని యంత్రాలూ ఒకే ధర కాదు. కిడ్నీని చల్లగా నడిపే పంపు ఈ గుండె, కాలేయం పెట్టెలతో పోలిస్తే ఎంతో చౌక. అవయవాల కోసం కాచుకున్నవాళ్లలో ఎక్కువ మంది కాచుకున్నది కిడ్నీ కోసమే. రుజువుకి ఏనాటివో పరీక్షలున్నాయి. అక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చుగా? మన ఇంజినీర్లు చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ల్యాండర్ దించారు కదా, ఒక పంపు చేయలేరా? చేయమని ఎవరైనా అడిగారా? టెండరు పిలిచారా? విగ్రహానికి టెండరు, ఫౌంటెయిన్‌కి టెండరు, శంకుస్థాపనకు వేసే షామియానాకు టెండరు. కిడ్నీ పంపు అనేసరికి బొక్కసం బోసిపోతుంది!

అలాగని మనకు నిల్వ చేయడం రాదని ఎవరన్నారు? చట్టాల్ని చూడండి. 1994 చట్టాన్ని పార్లమెంటు 2011లో సవరించింది. ఐసీయూలో బ్రెయిన్‌డెడ్ (మెదడు పూర్తిగా చచ్చిపోయిన) రోగి ఉంటే కుటుంబాన్ని అవయవదానం గురించి అడగాలంది. సమన్వయకర్త తప్పనిసరి అంది. మార్పిడి చేయని ఆసుపత్రుల్లోనూ అవయవాలు తీసే వీలు కల్పించింది. అవయవ వ్యాపారానికి పదేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అంది. ఆరోగ్యం రాష్ట్రాల విషయం కాబట్టి ఆ సవరణ రాష్ట్రంలో అమలు కావాలంటే అసెంబ్లీ ఒక తీర్మానం చేస్తే చాలు. తెలంగాణ అసెంబ్లీ ఆ తీర్మానం ఎప్పుడు చేసింది? 2025 మార్చిలో. పార్టీలు మారాయి, రాష్ట్రమే మారింది, ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు. పద్నాలుగేళ్లు! ఐసు లేదు, పంపు లేదు, కరెంటు ఖర్చు అసలే లేదు. ఇంతటి నిల్వ సామర్థ్యం జ్యూరిక్‌లో ఉందా?

ఇంతకీ ఆ ఫైలుకి చలనం ఎందుకొచ్చింది? 2025 జనవరిలో సరూర్‌నగర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో దొంగచాటు కిడ్నీ మార్పిడులు బయటపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది మనకొక చట్టం కావాలని. పేదవాడి నడుం కోశాక గానీ సర్కారు వెన్ను నిలబడదన్నమాట.

సరే, పెట్టె సంగతి పక్కన పెడదాం. పెట్టెలో పెట్టడానికి అవయవం ఏదీ? 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చచ్చిపోయినవాళ్లు 1.72 లక్షల మంది. 2024లో దేశమంతా కలిపి మరణానంతర అవయవదాతలు 1,128 మంది. రోడ్డు మీద పోయిన ప్రతివాడూ దాత కాలేడు, నిజమే. కానీ ఇంత తేడానా? జనాభాలో పది లక్షలకు ఒక్క దాత కూడా లేడు. లెక్క 0.8. తెలంగాణ 188 మంది దాతలతో, పది లక్షలకు 4.88తో దేశంలో అగ్రస్థానంలో నిలిచింది. మంచిదే, రాష్ట్ర అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ సిబ్బందికి అభినందనలు. ఇక అదే ఏడాది స్పెయిన్ లెక్క? 52.6.

స్పెయిన్ వాళ్ల మంచి మనసు మనకంటే పదింతలు పెద్దదా? ఏం కాదు. 1989లో వాళ్లు ఒక జాతీయ సంస్థ పెట్టారు. ఆసుపత్రి ఆసుపత్రికీ ఒక డాక్టరును సమన్వయకర్తగా వేశారు, చాలావరకు ఐసీయూ డాక్టరునే. ఏ రోగి బ్రెయిన్‌డెడ్ అవుతున్నాడో ఆయనే కనిపెడతాడు. కుటుంబం పక్కన ఆయనే కూర్చుంటాడు. గుండె ఆగిన దాతల అవయవాల్ని యంత్రాలతో కాపాడుకునే పనీ వాళ్లు నేర్చేసుకున్నారు. మనిషిని నిలబెట్టారు, తర్వాత యంత్రాన్ని నిలబెట్టారు. మనం? హోర్డింగు నిలబెట్టాం.

మన ఐసీయూలో ఏం జరుగుతుంది? బ్రెయిన్‌డెడ్ అని తేల్చాలంటే నలుగురు డాక్టర్ల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. జిల్లా ఆసుపత్రిలో ఆ నలుగురూ ఒకచోట దొరికేలోపు రోగి గుండె ఆగుతుంది. ప్రైవేటులో అయితే ఇంకో ముచ్చట. వెంటిలేటర్ మీద మీటరు తిరుగుతూనే ఉంటుంది. చనిపోయాడని తొందరగా చెబితే మీటరు ఆగుతుంది. ఎవరికి తొందర?

ఇన్ని లేకపోయినా దేశంలో మార్పిడులు ఏటా 18 వేలు దాటుతున్నాయని లెక్కలు చెబుతున్నాయి కదా, అదెలా అంటారా? అక్కడే ఉంది మన స్వదేశీ యంత్రం. నూటికి ఎనభైకి పైగా మార్పిడులకు అవయవాలు బతికున్నవాళ్ల నుంచే వస్తున్నాయి. ఆ బతికున్నవాళ్లలో ఎక్కువ మంది ఎవరు? తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్లు. మరి అందుకునేవాళ్లు? 1995 నుంచి 2021 దాకా మన జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్క ప్రకారం 36,640 మార్పిడుల్లో ఆడవాళ్లకు దక్కినవి 6,945. మిగతా 29 వేల పైచిలుకు మగమహారాజులకు.

అర్థమైందా? మనకు దిగుమతి యంత్రం ఎందుకు? కిడ్నీని 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్‌తో, పోషకాలతో, ఏళ్ల తరబడి తాజాగా నిల్వ ఉంచే యంత్రం ఇంటింటికీ ఉంది. పేరు ఇల్లాలు. కరెంటు అడగదు. సర్వీసింగ్ అక్కర్లేదు. తెల్లారి లేచి కాఫీ కూడా పెడుతుంది. ఒక కిడ్నీ తీసేసినా రెండో కిడ్నీతో వంట చేస్తుంది. ఇంత చౌకైన యంత్రం ఉండగా ఏ ఆర్థికశాఖ కార్యదర్శి పంపు కొనే ఫైలు మీద సంతకం పెడతాడు చెప్పండి? అడిగిందా, అడక్కపోతే ఇచ్చిందా, ఇష్టంతో ఇచ్చిందా, ఇవ్వక గతిలేక ఇచ్చిందా... ఈ ప్రశ్నలకు ఏ దరఖాస్తు ఫారంలోనూ సరైన గడి లేదు.

ఉద్దానం వెళ్లండి. శ్రీకాకుళం జిల్లాలో ఊళ్లకు ఊళ్లు దశాబ్దాలుగా కిడ్నీలు పోగొట్టుకుంటున్నాయి. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా నాయకులు వచ్చారు, నీళ్ల సీసా తాగి వెళ్లారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే. డయాలసిస్ కుర్చీ దొరికింది. ఆ కుర్చీలోంచి లేచే దారి ఏది? మార్పిడే దారి. దానికి కిడ్నీ కావాలి. ఎక్కడో ఒక దాత కుటుంబం ఇచ్చిన కిడ్నీ చెడిపోకుండా అక్కడిదాకా రావాలి. ఆ రైతు పేరు జాబితాలో ఉందా? ఉంటే ఎన్నోది? పిలుపొచ్చిన రాత్రి పలాస నుంచి విశాఖ చేరేలోపు ఆ కిడ్నీ ఐసులో ఎన్ని గంటలు ముడుచుకుని ఉండాలి? పంపు మీద ఉంటే ఆ రైతు పొద్దున రైలెక్కి వచ్చినా సరిపోయేది.

ఇంకో విశేషం చెప్పుకోకపోతే పాపం. ఏటా ఆగస్టు 3న మనం అవయవదాన దినం జరుపుకుంటాం. 1994లో అదే రోజున దిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో తొలి గుండె మార్పిడి విజయవంతమైంది. చేసింది మన రాజమండ్రి బిడ్డ డాక్టర్ పి.వేణుగోపాల్. చట్టం మీద రాష్ట్రపతి సంతకం పడిన కొద్ది వారాలకే చేసి చూపించారు. అదీ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో! గమనించారా? ముప్పై ఏళ్ల కిందట ప్రభుత్వ ఆసుపత్రి ముందు నడిచింది. ఇప్పుడు మంత్రిగారికి జలుబు చేసినా కారు కార్పొరేట్ గేటు వైపే తిరుగుతుంది. ప్రతిజ్ఞ చేయించే వేదిక ప్రభుత్వానిది, మార్పిడి చేసే బల్ల ప్రైవేటుది. సర్కారు ఉద్యోగం ఇప్పుడు సర్టిఫికెట్లు పంచడం.

కాబట్టి ఏలినవారూ, ఉపన్యాసాలు చాలు. నాలుగు పనులు చేయండి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తిరుపతిల్లో ప్రభుత్వ ఆధ్వర్యంలో ఒక్కో అవయవ సంరక్షణ కేంద్రం పెట్టండి, కిడ్నీ పంపులతో మొదలుపెట్టండి, ఏ ఆసుపత్రి రోగికైనా అది ఉమ్మడిగా పనికిరావాలి. యంత్రం ఖర్చును ఆరోగ్యశ్రీలో, వైద్యసేవలో కలపండి, ధర మీద కంపెనీలతో బేరమాడండి, మీరు బేరమాడటంలో ఎంత నేర్పరులో పొత్తుల సీజన్లో చూశాం. ప్రతి పెద్ద ఐసీయూలో ఒక బాధ్యుడైన డాక్టరును నియమించి, బ్రెయిన్‌డెడ్ కేసులు ఎన్ని తేల్చారో, ఎన్ని కుటుంబాలను అడిగారో నెలనెలా లెక్క చెప్పండి. తీసిన అవయవాల్లో ఎన్ని వాడకుండా పారేశారో, ఎందుకు పారేశారో బయటపెట్టండి. అమెరికాలో దాతల నుంచి తీసిన కిడ్నీల్లో దాదాపు నాలుగో వంతు వృథా అవుతున్నాయని వాళ్లే లెక్కేసి, వాళ్లే తిట్టుకుంటున్నారు. మన లెక్క మీరెప్పుడైనా పత్రికలో చదివారా?

పాఠకులారా, మీకూ ఒక మాట. దానం వద్దని ఎవరైనా ఈ వ్యాసాన్ని చూపిస్తే నమ్మకండి. దాత కార్డు తీసుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి, ఎందుకంటే ఆఖరికి సంతకం పెట్టాల్సింది వాళ్లే. ఈసారి ఓటు అడగడానికి వచ్చిన పెద్దమనిషిని రోడ్డు గురించి, పింఛను గురించి అడిగాక ఇదీ అడగండి: మా అవయవాలు మేమిస్తాం, వాటిని చెడిపోకుండా ఉంచడానికి మీరేమిచ్చారు? బిడ్డ శవం ముందు కూర్చుని, ఏడుపు దిగమింగుకుని, అవునని తలూపిన కుటుంబం తన వంతు చేసేసింది. బాకీ ఉన్నది సర్కారే.